గడ్డేటి గట్టుకు గండి

రోహిణి కార్తె, మూడో రోజు

పొద్దున్నే వెళ్ళి హిమానీనదానికి దుప్పట్లు కప్పి వచ్చాను. రోహిణి ఎండకి రోళ్ళు పగులుతాయని మా వైపు సామెత. ఇక్కడ రోళ్ళు భద్రంగానే ఉన్నాయి, పగిలేది హిమానీనదం. అందుకని ఎండాకాలం నాలుగు నెలలూ దాని ఒంటి మీద తెల్లటి గుడ్డలు పరిచి, గాలికి లేచిన చోట రాళ్ళు పెట్టి, చిరిగిన చోట కుట్టి, ఎండ తగలకుండా కాపాడటం నా ఉద్యోగం. మా పుట్టింట్లో బాలింతకి కూడా ఇంత సేవ జరగలేదు.

ఉద్యోగం పేరు లస్కరు. నా పేరు గుబ్బల వీరవేణి. మా తాత గోదావరి కాలవ మీద తలుపులు ఎత్తి దించే లస్కరు, మా నాన్న అదే కాలవ మీద లస్కరు, నేను సముద్రానికి నాలుగు వేల మీటర్ల ఎత్తున లస్కర్ని. వంశం ఎదిగిందనే అనుకోవాలి. సముద్రం మా లంకల్ని మింగేసి పన్నెండేళ్ళయింది. మునిగిన వాళ్ళందరినీ ఇక ఎన్నడూ మునగని చోట పెడతామని సర్కారు వారు మాటిచ్చి, తెచ్చి ఈ లోయలో దించారు. ఇక్కడ ఊపిరాడదు, కుక్కర్లో పెడితే గాని పప్పు ఉడకదు. అయినా మునగం కదా అని సర్దుకున్నాం.

ఊరి పేరు ఎగువలంక. చుట్టూ నీళ్ళుంటే లంక అంటారు. మా చుట్టూ రాళ్ళున్నాయి. పేరు పెట్టిన రోజు ఎవరికీ ఆ సంగతి తట్టలేదు. ఊరికి పైన ఉన్న హిమానీనదం పేరు పటంలో హి-పదిహేడు, గడ్డకట్టిన ఏరు గనక మేం గడ్డేరు అంటాం. వెనకున్న మూడు శిఖరాలకి ఇక్కడివాళ్ళు తరాల కిందట పెట్టిన పేర్లున్నాయి, నాకు జీతమిచ్చే హిమానీనదాల శాఖవారి నంబర్లున్నాయి. మేమొచ్చి అత్త, కోడలు, ఆడపడుచు అని పెట్టుకున్నాం. మూడూ ఒకదాని మొహం ఒకటి చూడకుండా నిలబడ్డాయి గనక మా పేర్లే సరైనవని నా అభిప్రాయం.

గడ్డేరు పూర్వమెప్పుడో కిందిదాకా దిగి మళ్ళీ వెనక్కి తగ్గిందట. దిగినప్పుడు నెట్టుకొచ్చిన రాళ్ళూ మట్టీ దాని మూతి ముందు అడ్డంగా, ఎత్తుగా మిగిలిపోయాయి. అచ్చం ఏటిగట్టులా ఉంటుంది. పన్నెండేళ్ళ కిందట బస్సు దిగి మావాళ్ళు మొదట చూసింది దాన్నే. దారంతా ఏడుస్తూ వచ్చిన ఆడవాళ్ళు కూడా "హమ్మయ్య, గట్టుందే!" అని కళ్ళు తుడుచుకున్నారు. దాని కిందే డెబ్భై ఒక్క ఇళ్ళు కట్టుకున్నాం.

మృగశిర, రెండో రోజు

నా కాపలా గుడిసెలో పసుప్పచ్చ పెట్టె ఒకటుంది. పేరు హిమమిత్ర. శాఖవారి తెలివంతా అందులో పెట్టి పంపారంటారు. అక్కడ ఇంకేమీ మిగల్లేదేమోనని నా అనుమానం. కొలతలు నేను చెప్పాలి, అది నమోదు చేసి నగరంలో పెద్దలకి పంపాలి.

"గడ్డేటి మూతికీ గట్టుకీ మధ్య నీళ్ళు చేరుతున్నాయి," అని ఈ రోజు చెప్పాను. "నిరుడు ఈ రోజులకి మోకాలి లోతు మడుగు. ఇప్పుడు చెరువయింది."

"మీరు పేర్కొన్న స్థలంలో చెరువు లేదు," అంది పెట్టె.

"ఇప్పుడే చూసొచ్చాను."

"ఆమోదిత పటంలో లేదు. మీరు చూసినది నీడ కావచ్చును."

"ఆ నీడలోనే చేతులు కడుక్కున్నాను."

"పరిశుభ్రత పాటించినందుకు అభినందనలు. ఈ సేవ మీకు సంతృప్తి కలిగించినదా?"

అది పట్టిన కుందేటికి మూడే కాళ్ళు. దానితో వాదించి గెలిచినవాళ్ళు ఈ లోయలో లేరు. నేను గుడ్డలు కుట్టుకోవడానికి పోయాను.

మృగశిర, ఎనిమిదో రోజు

ఈ రోజు ఊళ్ళో పండగ. కారణం చెప్పాలంటే మా మావగారి గురించి చెప్పాలి.

త్రిమూర్తులు మావయ్యకి ఎనభై ఒకటి. గట్టు కమిటీకి ప్రెసిడెంటు. లంకల్లో వరదొస్తే ఇంటికొక మనిషి కర్ర పట్టుకుని గట్టు మీద తిరుగుతూ ఎక్కడన్నా నీరు ఊరుతోందేమో చూసేవాడు. తేటనీరైతే ఊట, ఫర్వాలేదు. బురదనీరైతే బుంగ. గట్టుని లోపల్నించి నీరు తినేస్తోందని అర్థం, అరగంటలో గండి పడుతుంది. అప్పుడు గడ్డీ గాదం, ఇసుక బస్తాలు, ఆఖరికి ఇంట్లో పరుపులు కూడా తెచ్చి కుక్కాలి. మావాళ్ళకి ఇది ఉగ్గుపాలతో పెట్టిన విద్య. ఇక్కడికొచ్చాక ఏరు లేకపోయినా గట్టు కాపలా మానలేదు. రోజూ సాయంత్రం పదిమంది కర్రలు పుచ్చుకుని ఆ రాళ్ళ దిబ్బ మీద అటూ ఇటూ తిరిగి, ఏమీ జరగనందుకు కొంచెం నిరాశగా వచ్చి టీ తాగుతారు.

పన్నెండేళ్ళకి వాళ్ళ మొర దేవుడు విన్నాడు. మధ్యాహ్నం గట్టు అడుగున, ఎప్పుడూ సన్నగా ఊరే చోట, మనిషి దూరేంత బొక్కలోంచి బురదనీరు ఎగదన్నింది.

"బుంగ పడిందిరోయ్!" అని మావయ్య వేసిన కేకకి అత్త శిఖరం మీది మంచు రాలిందంటే నమ్ముతాను. మోకాళ్ళ నొప్పులని మూలిగే మనిషి బస్తా భుజాన వేసుకుని పరిగెత్తాడు. నాలుగు వందల బస్తాలు, ఆరు మోపుల గడ్డి, రెండు పరుపులు. ఒక పరుపు నాది. సాయంత్రానికి చుక్క నీరు రాకుండా బిగించేశారు.

కమిటీకి సన్మానం చేశాం. పండక్కని దాచిన రేషను కొబ్బరికాయ కొట్టాం, మావయ్యకి శాలువా కప్పాం. పులిహోర నేనే కలిపాను. లస్కరు కూతుర్ని, బుంగ పూడ్చారంటే ఒళ్ళు పులకరించకుండా ఎలా ఉంటుంది? అరచేతులు మండేదాకా చప్పట్లు కొట్టాను.

గట్టు భద్రం. కమిటీ చేసిన పని మెచ్చుకోదగినది.

ఆరుద్ర, మొదటి రోజు

నీళ్ళు ఎక్కుతున్నాయి. చెరువు ఒడ్డున ఏనుగంత బండ ఒకటుంది, దాని మీద సున్నంతో గీతలు గీసి రోజూ చూస్తున్నాను. పోయిన వారం రోజుకి బెత్తెడు. ఇప్పుడు జానెడు. పైన నేను దుప్పట్లు కప్పుతూనే ఉన్నాను, వాటి కింద గడ్డేరు గలగలమని కరిగి పోతూనే ఉంది. దాని పని అది చేస్తోంది, నా పని నేను చేస్తున్నాను, ఇద్దరం క్రమశిక్షణ గలవాళ్ళం.

ఊళ్ళో చెప్పాను. ఎవరికీ పట్టలేదు. "బుంగ పూడ్చేశాం కదమ్మా, ఇంకేం భయం?" అన్నారు. వాళ్ళ ధ్యాసంతా వరి మీద ఉంది.

వరి సంగతి కూడా రాయాలి. జడలబర్రెకే చలేసే ఈ చోట వరి పండిస్తామని మావాళ్ళు ఆరేళ్ళ కిందట పంతం పట్టారు. బార్లీ వేసుకోండని ఇక్కడివాళ్ళు చెప్పి చెప్పి విసిగిపోయారు. మేం వినే రకమా! వాలుని మెట్లు మెట్లుగా చెక్కి, లోయ అడుగునుంచి మట్టి మోసి, గాజు కప్పులు వేసి, మాఘంలో నాట్లేశాం. మొదటి ఏడు కుళ్ళిపోయింది. తర్వాతి ఏడు గడ్డకట్టింది. మూడో ఏడు పచ్చగా ఎదిగి గింజ లేకుండా తాలు పోయింది. ఆ తర్వాత రెండేళ్ళు ఏమైందో ఎవరూ మాట్లాడరు. ఈ ఏడు వెన్ను తీసింది, గింజ పాలు పోసుకుంటోంది.

మా ఆయన ఏడుకొండలు రోజూ వెళ్ళి చూసొస్తాడు. పేరులో ఏడు కొండలున్నా ఒక్క కొండ ఎక్కడానికి నాలుగుసార్లు కూర్చునే మనిషి, వరి దగ్గరికి మాత్రం ఒక్క ఊపున ఎక్కుతాడు. నిన్న నన్నూ తీసుకెళ్ళి ఒక వెన్ను నా చేతిలో పెట్టాడు. చాలాసేపు అలా పట్టుకుని నిలబడ్డాను. దాన్ని వెక్కిరించడానికి నాకు మాటలు దొరకలేదు.

ఆరుద్ర, ఎనిమిదో రోజు

ఆంగ్మో వదిన వచ్చింది. కింద వాగు ఒడ్డునున్న లుంగ్సా ఊరు ఆవిడది, ముప్పయ్యెనిమిది ఇళ్ళు. వేసవిలో జడలబర్రెల మందతో పై మేతకి వెళుతూ మా ఇంట్లో ఆగి టీ తాగుతుంది. తెలుగు మా దగ్గరే నేర్చుకుంది గనక తిట్టినా అండీ అనకుండా తిట్టదు.

"మా వాగులో నీళ్ళు సగమైపోయాయండి. ఏం చేశారండి?"

"బుంగ పడితే పూడ్చారు వదినా," అన్నాను, కాస్త గర్వంగానే.

ఆవిడ టీ గ్లాసు కింద పెట్టేసింది. నా చెయ్యి పట్టుకుని గట్టు మీదికి లాక్కుపోయింది. బస్తాల వైపు ఒకసారి, చెరువు వైపు ఒకసారి చూసింది.

"ఇది మీ ఏటిగట్టు కాదండి. లోపలంతా పాత మంచూ, వదులు రాళ్ళూనండి. ఎండాకాలం కొండకి నీళ్ళు పడతాయండి. ఆ బొక్కలోంచి పోసుకుంటుందండి. మా అమ్మమ్మ రోజుల్లోనూ అలాగే పోసుకుందండి. మీరు దాని ఉచ్చ ఆపేశారండి. మీకు ఆపేస్తే ఎంతసేపు ఆగుతారండి?"

"బురదగా వచ్చింది వదినా. బురద వస్తే గట్టు పోతుందని..."

"మంచు కొండ నీళ్ళు ఎప్పుడూ బురదేనండి. రాయిని అరగదీసుకుని వస్తుంది కదండీ. తేటగా వచ్చిన ఏడు మేం భయపడతామండి."

బస్తాలు లాగేస్తే సరిపోతుందా అని అడిగాను. ఇప్పుడు అంత నీటి బరువు ఉండగా లాగితే లాగినవాడు కనపడడంది. గట్టుకి ఉత్తరపు కొసన మాత్రం పైన రెండు నిలువుల మట్టి, దాని కింద గట్టి కొండ బండ ఉందట. అక్కడ తవ్వితే నీళ్ళు బండ మీదుగా జారిపోతాయి, గట్టుని కొయ్యవు. ఇంకెక్కడ పార పెట్టినా గట్టు మొత్తం లేచిపోతుంది.

"అక్కడ తవ్వితే నీళ్ళు ఎటు పోతాయి?"

ఆవిడ గడ్డంతో కిందికి చూపించింది. గాజు కప్పుల మీద ఎండ మెరుస్తోంది. వాటి కింద వాగు, వాగు వెంట లుంగ్సా.

"తవ్వేముందు మావాళ్ళకి చెప్తారు కదండీ?" అంది. తప్పకుండా చెప్తామని మాటిచ్చాను. నా మాట నమ్మి మందని తోలుకుని పైకి వెళ్ళిపోయింది.

ఆవిడ వెళ్ళాక ఈ పుస్తకంలో మృగశిర ఎనిమిదో రోజు రాతని చదువుకున్నాను. కొట్టేద్దామనిపించింది. లస్కరు పుస్తకంలో కొట్టివేతలు ఉండకూడదని మా నాన్న చెప్పేవాడు. అలాగే ఉంచాను.

పునర్వసు, మొదటి రోజు

గట్టు అంచుకి ఇంకా ఆరు మూరలుంది. రోజుకి మూరెడు ఎక్కుతోంది. లెక్క ఒకటో తరగతి పిల్లలకి కూడా వస్తుంది, పెట్టెకి తప్ప.

"ఊళ్ళకి హెచ్చరిక పంపు," అన్నాను.

"ఆమోదిత పటంలో లేని చెరువు నుండి వరద రాజాలదు."

"వస్తే మనుషులు పోతారు."

"అట్టి పక్షంలో సంఘటన జరిగిన ఏడు దినములలోపు నివేదించగలరు."

ఊరు ఖాళీ చేసి పోదామంటే ఎటు పోతాం? గట్టు మొత్తం తెగితే మా ఊరూ లుంగ్సా రెండూ రాళ్ళ కింద ఉంటాయి. మళ్ళీ మమ్మల్ని పెట్టడానికి సర్కారు దగ్గర ఇంతకంటే ఎత్తైన చోటు కూడా లేదు.

మధ్యాహ్నం అన్నాల దగ్గర మావయ్యకి చెప్పేశాను. "మనం తప్పు చేశాం మావయ్యా. అది పూడ్చకూడదు. ఇప్పుడు గట్టుకి మనమే గండి కొట్టాలి."

ఆయన ముద్ద కంచంలో వదిలేశాడు. "ఏంటన్నావమ్మాయ్?"

మళ్ళీ చెప్పాను.

"లస్కరు కడుపున పుట్టి నీ నోటంట రావాల్సిన మాటేనా అది? మీ అత్తయ్య ఎలా పోయిందో తెలిసే అంటన్నావా?"

తెలుసు. ముప్పై ఒక్కేళ్ళ కిందటి వరదలో పై ఊరివాళ్ళు తమ ఊరు మునగకూడదని గట్టు కోసి నీళ్ళు మా లంక మీదికి వదిలారు. అత్తయ్య గేదెని విప్పడానికి పాకలోకి వెళ్ళింది. ఆవిడ దొరికింది నాలుగు ఊళ్ళ అవతల. మా ఆయనకి అప్పుడు పదహారేళ్ళు. ఆ సంగతి ఆయన నాకు పెళ్ళయిన కొత్తలో ఒక్కసారి చెప్పాడు, మళ్ళీ ఎత్తలేదు. ఇప్పుడు కూడా తల వంచుకుని మజ్జిగన్నం కలుపుతూ కూర్చున్నాడు.

"గట్టు కోసినోడు మనిషి కాదే," అని మావయ్య చెయ్యి కడిగేసుకున్నాడు. నా మీద పట్టరాని కోపంతో ఉన్నాడు. నాకూ ఆయన మీద కోపం వచ్చింది, ఆయన మీద వచ్చినందుకు నా మీద నాకు ఇంకా ఎక్కువ వచ్చింది.

పునర్వసు, రెండో రోజు

పొద్దున ఊరంతా ఉత్తరపు కొసకి చేరింది. వరి పోతుందని కొందరు, ప్రాణం పోతుందని కొందరు, పెట్టె ఏమీ లేదందిగా అని ఇంకొందరు. గునపాలూ పారలూ తెచ్చి పెట్టాను. ఒక్కడు ముట్టుకుంటే ఒట్టు. బుంగ పూడ్చడానికైతే నా పరుపుని కూడా అడక్కుండా ఎత్తుకుపోయిన వీరులు, గట్టు తవ్వమనేసరికి చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడ్డారు. నవ్వొచ్చింది గాని నవ్వలేదు. గట్టు కొయ్యడమంటే మావాళ్ళకి మనిషిని కొయ్యడమే.

మావయ్య అప్పటికే నులకమంచం తెచ్చి, తవ్వాల్సిన చోటే వేసుకుని కూర్చున్నాడు.

"తవ్వుకో. ముందు నన్ను తవ్వుకుని తర్వాత గట్టు తవ్వుకో."

గునపం కింద పెట్టి మంచం పట్టె మీద కూర్చున్నాను. ఎగతాళి మాటలు చాలానే నాలిక చివరిదాకా వచ్చాయి. ఒక్కటీ పనికొచ్చేది కాదు.

"మీరు పూడ్చినప్పుడు చప్పట్లు కొట్టింది నేను," అన్నాను. "పులిహోర కలిపింది నేను. మంచి పనని పుస్తకంలో రాసింది నేను. తప్పు మీదొక్కరిదే కాదు. కాని ఇంకో ఐదు రోజులాగితే నీళ్ళే కోసుకుంటాయి మావయ్యా. అప్పుడు ఎటు పోవాలో అవి మనల్ని అడగవు."

ఆయన చెరువు వైపు తిరిగి చూశాడు. జీవితమంతా నీళ్ళని చూసిన కళ్ళు. అవి అబద్ధం చెప్పవు.

"కింద ఎవరున్నారు?" అన్నాడు.

"వరి."

"వరి సంగతి కాదే నేనడిగేది. దాని కింద?"

"లుంగ్సా."

"ఆళ్ళకి చెప్పావా?"

ఆంగ్మో వదినకి మాటిచ్చాను. పెట్టె పంపనంది. ఆ తర్వాత నేను ఎవరినీ పంపలేదు. నిన్నటి నుంచి మూరలు లెక్కపెట్టుకుంటూ మా డెబ్భై ఒక్క ఇళ్ళ గురించే ఆలోచించాను. పై ఊరివాళ్ళు కూడా ఆ రోజు సరిగ్గా ఇలాగే లెక్కపెట్టుకుని ఉంటారు. సిగ్గుతో చచ్చిపోయాను.

మావయ్యకి అర్థమైపోయింది. తిట్టలేదు. మంచం మీంచి లేచాడు.

"నేనెళ్తాను. కోసే ఊరి నుంచి మనిషెళ్ళి గుమ్మం ముందు నిలబడి చెప్పాల. పిల్లల్ని పంపితే ఆళ్ళు నమ్మరు. అందరూ కొండెక్కాక పొగెడతాను. పొగ కనపడకుండా ఆఖరి పార ఏశారో, మీరు నాకేమీ కారు."

స్టీలు పళ్ళెం, గరిటె పుచ్చుకున్నాడు, దండోరా వెయ్యడానికి. "నీళ్ళొస్తున్నాయి, పైకెక్కండి" అన్న మాటలు వాళ్ళ భాషలో మా ఆయన నేర్పాడు. కంచరగాడిద ఎక్కి, ఆ రెండు ముక్కలూ వల్లె వేసుకుంటూ, చివర అండీ కూడా తగిలిస్తూ దిగువకి వెళ్ళిపోయాడు.

మొదటి గునపం మా ఆయన పట్టుకున్నాడు.

పునర్వసు, ఆరో రోజు

నాలుగు రోజుల తవ్వకంలో బండ తగిలింది. చెరువు వైపు మాత్రం గోడలా కొంత మట్టి ఉంచాం. ఈ రోజు పొద్దున పదికి పొగ పెట్టాలని మావయ్యకి కబురు పంపాం, అలాగేనని తిరుగు కబురు వచ్చింది.

పదయింది. పొగ లేదు.

పదకొండు. గట్టు మధ్యలో రాళ్ళు జారడం మొదలైంది. అంచుకి రెండు జానలుంది.

"కొట్టేద్దామమ్మా, మనూరు పోద్ది!" అని ఒకాయన అరిచాడు. వరి కోసం నిన్నటిదాకా నాతో పోట్లాడిన మనిషే.

పన్నెండు. జానెడు. కింద లుంగ్సా కనపడుతోంది, పొగ మాత్రం లేదు. నా డెబ్భై ఒక్క ఇళ్ళు వెనక, ఎరగని ముప్పయ్యెనిమిది ఇళ్ళు ముందు. అందరూ నా మొహమే చూస్తున్నారు. మా తాత, మా నాన్న ఎన్ని తలుపులెత్తారో, ఎత్తేముందు కిందికి చూశారో లేదో నేనెప్పుడూ అడగలేదు. మా ఆయన పార పట్టుకుని గోడ ముందు నిలబడ్డాడు.

"ఏవండీ, కొట్టమంటే కొడతారా?" అన్నాను.

"నువ్వు చెప్తే కొడతాను. చెప్పకు," అన్నాడు.

చెప్పలేదు. దేవుడా దేవుడా అనుకుంటూ అరగంట నిలబడ్డాను. పన్నెండున్నర దాటాక లుంగ్సా పైన కొండ వాలు మీద నల్లటి పొగ లేచింది.

నాలుగు పారలు ఒకేసారి పడ్డాయి. నీళ్ళు ముందు సన్నగా, తర్వాత మనిషెత్తున, తర్వాత మాట వినపడనంత మోతతో బండ మీదుగా దూకాయి. గట్టు నిలబడింది. గాజు కప్పులు ఒకదాని వెంట ఒకటి పగిలాయి. ఆరేళ్ళు మోసిన మట్టి, పాలు పోసుకున్న వరి, నీళ్ళు పూర్తి జోరు అందుకోకముందే పోయాయి. ఆడవాళ్ళు ఏడ్చారు. నేను కూడా ఏడ్చాను.

సాయంత్రానికి చెరువు రెండు నిలువులు దిగింది. లుంగ్సాలో వంతెన, వాగు ఒడ్డున నీటితో తిరిగే రెండు పిండి తిరగళ్ళు, పదకొండు ఇళ్ళు కొట్టుకుపోయాయని కబురొచ్చింది. మనిషి పోలేదు.

పునర్వసు, ఎనిమిదో రోజు

పొద్దున్నే పెట్టె పలికింది: "ఆమోదిత పటంలో లేని చెరువును అనుమతి లేకుండా ఖాళీ చేసినందుకు మీ వివరణ కోరబడుచున్నది." మీరు చెప్పిన నీడని కొంచెం పక్కకి జరిపామని వివరణ ఇచ్చాను. నమోదు చేసుకుంది.

మధ్యాహ్నం మావయ్య వచ్చాడు. గాడిదని లుంగ్సాలో బరువులు మోయడానికి వదిలేసి నడిచొచ్చాడు. పళ్ళేనికి సొట్టలు పడ్డాయి, గొంతు పూర్తిగా పోయింది. ఊరంతా మా వాకిట్లో చేరింది. ఎవరో మళ్ళీ శాలువా తేబోతే చేత్తో వద్దన్నాడు. నీళ్ళు తాగి అరుగు మీద కూర్చున్నాడు.

"ఆలస్యమైపోయింది మావయ్యా. ప్రాణాలు అరచేతిలో పెట్టుకున్నాం," అన్నాను.

"ముప్పయ్యేడు ఇళ్ళోళ్ళూ వచ్చేసారు. ఆఖరిది ఒక ముసల్ది." మాట గాలిలా వస్తోంది, అందరం దగ్గరికి జరిగాం. "నా ఈడే ఉంటాది. ఒక్కత్తే, కాళ్ళు రావు. నేను రానని గోడేపు తిరిగి పడుకుంది. మోసుకెళ్తామంటే మంచం కోడు పట్టుకుని వదల్దు. ఇక చాల్లే, పొగెట్టేద్దామన్నారు ఆళ్ళ పెద్దలు. నేనొద్దన్నాను. దాని పక్కన కూకున్నాను. మీ అత్తయ్య సంగతంతా చెప్పాను. తెలుగులోనే. వరదొచ్చిన రోజు, పాక, గేదె, అంతా. దానికేం అర్థమైందో మరి. ఇటు తిరిగి నా మొహం చూసింది. మంచం కోడు వదిలేసింది. నలుగురం మోసుకొచ్చేసాం."

మావయ్య పళ్ళేన్ని ఒళ్ళోకి తీసుకున్నాడు.

"మీ అత్తయ్యకి ఒక్కడు చెప్పుంటే వచ్చేసేదే అమ్మాయ్. గేదెని వదిలేసి వచ్చేసేది. ఒక్క కేక ఏసుంటే చాలు."

ఊరందరి ముందూ, ఎనభై ఒక్కేళ్ళ మనిషి, పళ్ళెం ఒళ్ళో పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చాడు. మా ఆయన వెళ్ళి పక్కన కూర్చున్నాడు. "ఆ గేదెని విప్పమని అమ్మకి చెప్పింది నేనే నాన్నా," అన్నాడు.

మావయ్య ఆయన తల మీద చెయ్యి వేశాడు. "తెలుసురా," అన్నాడు.